పాదలేపం కరిగిన తర్వాత: తెలుగు రచనలో కొండదారి

తెలుగు కావ్యాల్లో కొండలకు కొదవ లేదు. అష్టాదశ వర్ణనల్లో శైలం ఒకటి కాబట్టి ప్రబంధం రాయబూనిన కవికి ఏదో ఒక కొండను వర్ణించక తప్పేది కాదు. శిఖరాలు, సెలయేళ్ళు, మబ్బులు, గుహలు, వాటిలో సిద్ధులూ కిన్నరులూ అందరూ కనిపిస్తారు. కనిపించనిది దారి. ఆ కొండ మీదికి ఎటునుంచి ఎక్కాలి, మొదటి రాత్రి ఎక్కడ పడుకోవాలి, నీళ్ళెక్కడ దొరుకుతాయి, మూట ఎవరు మోస్తారు అన్న ప్రశ్నలు మన వర్ణనల్లోకి రావు. కొండ కంటికి కనిపిస్తుంది గాని కాలికి తగలదు.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. బెంగళూరు, చెన్నై, బరంపురం, ముంబయి వంటి చోట్ల తెలుగు చదువుకుంటున్నవారిలో సెలవులకు హిమాలయాల్లో ట్రెక్కింగుకు వెళ్ళేవారు నేడు తక్కువేమీ కాదు. వెళ్ళివచ్చి నాలుగు పేజీలు రాసేవారూ ఉన్నారు. సంతోషమే. కాని ఆ రాతల్లో మాకు ప్రధానంగా రెండు ఫక్కీలు కనిపిస్తున్నాయి. మొదటిది ప్రబంధ ఫక్కీ: వెండికొండలు, ధవళకాంతులు, ప్రకృతిమాత ఒడి. రెండోది పద్దుపుస్తకం ఫక్కీ: మొదటి రోజు ఇన్ని కిలోమీటర్లు, రెండో రోజు ఇన్ని, మూడో రోజు శిఖరం, ఫోటో. మొదటిదానిలో నడిచిన మనిషి జాడ లేదు. రెండోదానిలో మనిషి ఉన్నాడు గాని అతను నడిచింది హిమాలయాల్లోనా, ఊరి బయట గుట్టమీదా అన్నది తేలదు. రెండు ఫక్కీల్లోనూ తప్పకుండా వచ్చే మాట మాత్రం ఒకటుంది: ‘మాటలకందని అనుభూతి’. మాటలకు అందనప్పుడు నాలుగు పేజీల కాగితం దేనికని అడగాలనిపిస్తుంది.

శైలి మాట ఎలా ఉన్నా, కొండదారి గురించిన రాతకు ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉంది. నవల చదివినవారు నవలలోకి నడిచి వెళ్ళరు. దారి గురించి చదివినవారు ఆ దారి పడతారు. 2024 జూన్ మొదటివారంలో ఉత్తరకాశీ ఎగువన సహస్రతాల్ దారిలో, ఎక్కువమంది కర్ణాటకవారే ఉన్న 22 మంది జట్టు మంచుగాలిలో చిక్కుకుంది. 9 మంది తిరిగి రాలేదు. రాతలవల్ల ఆ ఆపద వచ్చిందని మేం అనడం లేదు. అటువంటి దారుల గురించి రాసేవారు, అందులో చలిని, గాలిని, ఆలస్యాన్ని వదిలేసి వెండికొండల్ని మాత్రమే మిగిల్చితే, ఆ వదిలేసిన భాగం ఎంత పెద్దదో గుర్తుచేస్తున్నాం.

ఈ వదిలేయడం మనకు ఎక్కడినుంచి వచ్చింది? చాలామంది వేలు మనుచరిత్ర వైపు చూపుతారు. తెలుగువాడి ఊహలో హిమాలయం అంటే ప్రవరుడు చూసిన హిమాలయమే. అల్లసాని పెద్దన ఆ కావ్యాన్ని కృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. తుంగభద్ర ఒడ్డున, నేటి కర్ణాటకలోని హంపిలో, ఎండకు కాగే బండరాళ్ళ నడుమ తెలుగు కవి మంచుకొండను కట్టాడు. కథ అందరికీ తెలిసిందే. అయినా దారి అన్న ఒక్క దృష్టితో దాన్ని మళ్ళీ చదివితే కొన్ని కొత్త విషయాలు కనబడతాయి.

ప్రవరుడు ఇల్లు కదలని గృహస్థు. అగ్నిహోత్రం, తల్లిదండ్రులు, భార్య, అతిథులు. అయినా అతనికి దేశాలు చూడాలన్న దాహం. తీర్థయాత్రికులు ఊళ్ళోకి వచ్చారని తెలిస్తే ఎదురు వెళ్ళి ఇంటికి తెచ్చుకుంటాడు. భోజనం పెట్టి, వాళ్ళు చూసిన చోట్ల గురించి అడుగుతాడు. ఒక్కొక్క చోటు ఎన్ని యోజనాల దూరమో కూడా అడుగుతాడు. విని నిట్టూరుస్తాడు. ఇక్కడ మనం ఆగాలి. దూరం అడిగి నిట్టూర్చే మనిషికి దారి విలువ తెలుసు. వెళ్ళి రావడానికి ఎంతకాలం పడుతుందో, అంతకాలం ఇంట్లో నిప్పు ఎవరు కాస్తారో అతను లెక్కవేసుకున్నాడు. అందుకే ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. ఈ నిట్టూర్పును మన విమర్శకులు పాత్రపోషణ కింద జమకట్టి ముందుకు సాగిపోతారు. కావ్యం మొత్తంలో దారి ఉన్న చోటు అదొక్కటే అని మాకు అనిపిస్తుంది.

తర్వాత సిద్ధుడు వస్తాడు, కాళ్ళకు పసరు పూస్తాడు, దారి మాయమవుతుంది. ప్రవరుడు అనుకున్నంతలో హిమాలయం మీద ఉంటాడు. ఎక్కడమూ లేదు, ఆయాసమూ లేదు. అక్కడినుంచి పెద్దన వర్ణన మొదలవుతుంది. ఆ వర్ణన గొప్పతనం గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు, తరగతిలో చెబుతూనే ఉన్నాం. కాని గమనించండి: మధ్యాహ్నం అయింది, ఇంటికి పోవాలి అనుకునే సరికి మంచుకు తడిసి ఆ పసరు కరిగిపోయింది. అప్పటిదాకా బొమ్మలా ఉన్న కొండ అప్పుడు కొండ అయింది. అప్పుడతనికి ఎటు వెళ్ళాలో తెలియలేదు. తెలియకపోవడానికి కారణం అతను దారి తప్పడం అనుకుంటాం. నిజానికి తప్పడానికి అతనికి దారే లేదు. వచ్చిన దారి అంటూ ఒకటి ఉంటే వెనక్కి నడవవచ్చు. తన అడుగుల గుర్తు కూడా లేని చోట మనిషి చేయగలిగింది ఎదురైన మొదటి మనిషిని మా ఊరికి దారెటు అని అడగడమే. వరూధినితో అతని మొదటి ప్రసంగం సారాంశం అదే. ఆమె ఆ ప్రశ్నను ఎలా తిప్పికొట్టిందో చెప్పనక్కరలేదు.

కాబట్టి పెద్దన దారిని మరచిపోయాడన్న అభియోగం నిలవదు. దారిని తీసేస్తే ఏమవుతుందో చూపించడమే అతని కథ. ఆ సంగతి మరిచిపోయి కొండ వర్ణనను మాత్రమే వారసత్వంగా పుచ్చుకున్నది తర్వాతివారు. మనమూ వారిలో ఉన్నాం. కావ్యం చివరకు ప్రవరుణ్ణి ఇంటికి చేర్చేది కూడా అగ్నిదేవుడే. రాకపోకలు రెండూ నేలకు తగలకుండానే జరిగిపోయాయి. ఈ లోటును లోటుగానే చదవాలి.

ఇప్పుడు కావ్యం పక్కన పెట్టి నిజమైన పటం ఒకటి తీయండి. మన యాత్రికులు ఏటా గంగోత్రికీ బదరీనాథ్‌కూ బస్సుల్లో వెళ్తారు. ఒకచోటి నుంచి రెండో చోటికి రోడ్డు మీద పోవాలంటే భాగీరథి వెంబడి ఉత్తరకాశీ మీదుగా కిందికి దిగి, లోయలు చుట్టుకుని, రుద్రప్రయాగ దగ్గర అలకనందను పట్టుకుని మళ్ళీ పైకి పోవాలి. పటం మీద గీత గీస్తే మాత్రం రెండూ ఇరుగుపొరుగు క్షేత్రాలు, 60 కిలోమీటర్ల దూరం. మధ్య ఉన్నదంతా మంచు. ఆ మంచులోంచి సుమారు 100 కిలోమీటర్ల కాలిదారి ఒకటి ఉంది. గంగోత్రి నుంచి గోముఖ్, అక్కడినుంచి మంచునది దాటి నందన్‌వన్, చతురంగి మంచునది వారగా వాసుకీతాల్, ఇంకా పైకి పోయి కాలిందీ ఖాల్. ఆ కనుమ ఎత్తు 5,900 మీటర్లకు పైన. దాటి దిగితే అర్వా లోయ, ఘస్తోలి, మాణా గ్రామం, బదరీనాథ్. టిబెట్ సరిహద్దు దగ్గరిది కాబట్టి అనుమతులు లేనిదే అటు వెళ్ళడానికి వీల్లేదు. ఏడాదిలో వెళ్ళగలిగిన కాలం చాలా కొద్ది. రెండు క్షేత్రాలూ చూసివచ్చిన తెలుగువారు లక్షల్లో ఉంటే, వాటి మధ్య ఇటువంటి దారి ఉందని ఎరిగినవారు అరుదు.

ఈ దారి మీద పేర్లు చూడండి. నందనవనం, వాసుకి, చతురంగం, కాలింది. మరోపక్క తపోవనం. అన్నీ మనకు పుట్టినప్పటినుంచి తెలిసిన పేర్లు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. పేరు మనది కాబట్టి చోటూ మనకు తెలుసనుకుంటాం. నందనవనం అనగానే తెలుగు చదివినవాడి బుర్రలో పారిజాతాలు పూస్తాయి. గఢ్వాల్‌లోని నందన్‌వన్ సుమారు 4,300 మీటర్ల ఎత్తున, గంగోత్రి మంచునది, చతురంగి మంచునది కలిసే మొనమీద ఉన్న మేట. పొట్టి గడ్డి, రాళ్ళు. చెట్టన్నది కనపడక చాలా దూరం అయి ఉంటుంది. భోజపత్ర వృక్షాలు భోజ్‌బాసా కిందనే ఆగిపోయాయి. ఎదురుగా భాగీరథి శిఖరాలు, అవతల శివలింగ శిఖరం 6,543 మీటర్లు. అక్కడికి చేరినవారిలో కొందరికి తలనొప్పి మొదలై ఉంటుంది, అన్నం సహించదు. ఆ రాత్రి నిద్ర పట్టదు. తెలుగు వ్యాసకర్త వచ్చి దేవేంద్రుడి తోట అని రాస్తే ఆ తలనొప్పి పోదు, చదివినవాడికి అసలు చోటు చిక్కదు. పేరుకూ చోటుకూ ఉన్న ఎడమే అక్కడ రాయదగిన విషయం. గడ్డిపరకలు నాలుగు కనిపించినందుకే దాన్ని నందనవనమన్న మనిషి, అంతకుముందు ఎన్ని రాళ్ళమీద నడిచి వచ్చి ఉండాలి!

కాలిందీ ఖాల్ సంగతీ అంతే. ఖాల్ అంటే గఢ్వాలీలో కనుమ. రాయలసీమ నుంచి వలస వచ్చిన కుటుంబాలవారికి ఈ కనుమ అన్న మాట కొత్త కాదు. మన కనుమలు ఎడ్లబండ్లు దాటినవి. ఈ కనుమ అట్లాకాదు. దానికి ముందు మంచుమీద తాడు కట్టుకుని ఒకరి వెనక ఒకరు నడవాలి. మంచునది పగుళ్ళమీద కొత్త మంచు కప్పి ఉంటుంది. కాలు వేసేదాకా కింద నేల ఉందో లేదో తెలియదు. ఆ ఎత్తున గాలి పలచన. సముద్రమట్టం దగ్గర ఒక్క ఊపిరికి దొరికే ప్రాణవాయువులో అక్కడ సుమారు సగమే దొరుకుతుంది. నాలుగు అడుగులు వేసి నిలబడాలి. వాక్యాలు కూడా అలాగే రావాలని మా ఉద్దేశం. పొడుగాటి సమాసం ఊపిరి నిండా ఉన్నవాడి భాష.

ఈ దారిని గంగోత్రి వైపు నుంచే ఎందుకు మొదలు పెడతారన్నది కూడా ఆలోచించదగిన విషయం. ఆ వైపున ఎత్తు మెల్లగా పెరుగుతుంది, శరీరం అలవాటు పడటానికి వ్యవధి దొరుకుతుంది. 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటికంటే ఇవాళ పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగాలని వైద్యులు చెబుతారు. ఈ లెక్కకు లొంగకపోతే మెదడులోకో ఊపిరితిత్తుల్లోకో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. విరుగుడు ఒక్కటే, వెంటనే కిందికి దిగడం. సెలవులు తొమ్మిది రోజులే, రైలు టికెట్టు ఫలానా తేదీకి అని బయలుదేరేవారు ఈ లెక్కను కుదించాలని చూస్తారు. అదీ ఒక పాదలేపమే. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లు నడిచి చేరే కేదారనాథ్‌కు హెలికాప్టరులో కొద్ది నిమిషాల్లో దిగడం ఇంకొక పాదలేపం. వాడవద్దనడానికి మేం ఎవరం? ముసలివారికి, నడవలేనివారికి అది వరం. కాని దాన్ని పూసుకుని వెళ్ళిన వ్యక్తి తిరిగివచ్చి కొండ ఎక్కానని రాసినప్పుడు పాఠకుడికి అడిగే హక్కు ఉంది: ఏ దారిన?

దారిని రాసిన తెలుగువారు లేకపోలేదు. అందులో మొదట తలుచుకోవలసినవారు మద్రాసు తెలుగువారే. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయలుదేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు దారిపొడుగునా రాసి పంపిన వర్తమానమే 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర. పోయేటప్పుడు హైదరాబాదు, నాగపూరు మీదుగా, వచ్చేటప్పుడు జగన్నాథం నుంచి గంజాం సీమ మీదుగా ఆయన దారి సాగింది. అంటే ఈ సంచిక చదివేవారిలో చాలామంది ఊళ్ళ పక్కనుంచే ఆయన పోయారు.

ఆయన హిమాలయాలు ఎక్కలేదు. ఎక్కింది నల్లమల. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం మీదుగా శ్రీశైలం. ఎత్తు చూస్తే హిమాలయాలముందు ఇది దిబ్బ. అయినా రాతలో మాకు ఈ దిబ్బే పెద్దదిగా కనిపిస్తుంది. ఎందుకంటే ఊరికి ఊరికి ఎన్ని ఆమడలో, ఎక్కడ బసకు చోటుందో, ఎక్కడ అంగళ్ళున్నాయో, నీళ్ళు ఎలాంటివో ఆయన రాస్తారు. అడవిలో దారికాచే చెంచుల సంగతి రాస్తారు. చదివి ఆ దారి పట్టినవాడు మరుసటి పూటకు ఎక్కడ ఉంటాడో తెలుస్తుంది. పెద్దన శిఖరం చూపించిన చోట వీరాస్వామయ్య చెలమ చూపించారు. ఆ దారి ఇంకా చెరగలేదు. ఉగాదికి ముందు ఉత్తర కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వేలమంది కన్నడ, మరాఠీ భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా కాలినడకన మల్లన్న దగ్గరికి వస్తూనే ఉన్నారు. తెలుగువారిలో అధికభాగం రోడ్డు మీద బస్సులో చేరుతున్నారు. వీరాస్వామయ్య పుస్తకాన్ని చేతిలో పట్టుకుని ఆ భక్తుల వెంట నడిచి, ఏది ఉంది, ఏది పోయింది అని సరిచూసే పని కర్ణాటకలోని తెలుగు విద్యార్థులకు ఎంత దగ్గరలో ఉందో చూడండి.

వీరాస్వామయ్యను పూర్తిగా మెచ్చుకుని వదిలేయడం కూడా విమర్శ అనిపించుకోదు. ఆయన ప్రయాణం చాలాభాగం పల్లకీలో సాగింది. దారిని కాళ్ళతో కొలిచినవారు బోయీలు. ఆయన రాతలో దారి బరువు ఉంది కాని ఆ బరువు మోసినవారి పేర్లు లేవు. కాలం వేరు అని సర్దుకోవచ్చు. అయితే ఇవాళ కాలిందీ ఖాల్ దాటే జట్టును చూడండి. గుడారాలు, తాళ్ళు, కిరసనాయిలు, పది పన్నెండు రోజుల బియ్యం, పప్పు వీపున వేసుకుని ముందు నడిచేది గఢ్వాలీ, నేపాలీ కూలీలు. సాయంత్రం మనం చేరేసరికి టీ కాచి ఉంచేదీ వారే. పగుళ్ళు తెలిసి ముందు కాలు వేసేదీ వారే. వ్యాసాల్లో వాళ్ళు ‘మా పోర్టర్లు’ అన్న ఒక్క మాటలో అయిపోతారు. 190 ఏళ్ళు దాటినా బోయీల దగ్గరే ఉన్నాం.

పేరు లేకపోవడం మాటెత్తితే మిలాం గ్రామానికి చెందిన నైన్ సింగ్ రావత్‌ను తలచుకోక తప్పదు. కుమావూ కొండల్లో జోహార్ లోయ అతనిది. బడిపంతులు కాబట్టి పండిత్ అన్నారు. బ్రిటిష్ సర్వే శాఖవారు అతనికి అంగలు లెక్కపెట్టడం నేర్పి యాత్రికుడి వేషంలో టిబెట్ పంపారు. 1865లో బయలుదేరి, కాఠ్మండూ మీదుగా పోయి 1866 జనవరిలో లాసా చేరాడు. మెట్టలో పల్లంలో ఒకే కొలత అంగ వేయాలి. సుమారు 2,000 అంగలకు ఒక మైలు. నూరు అంగలకొక పూస జరపాలి. జపమాలకు 108 పూసలుండాలి కదా, అతని మాలకు 100. మాల ఒకచుట్టు తిరిగితే పదివేల అంగలు. రాసుకున్న చీటీలు దాచింది చేతిలో తిప్పే మణిచక్రంలో. నీళ్ళు ఎంత వేడికి మరుగుతాయో చూసి ఎత్తు కట్టేవాడు. ఈ కొలతలన్నీ లండను చేరి అచ్చయినప్పుడు, రహస్యం కోసం, అతని పేరు వేయలేదు. పండిత్ అని మాత్రం వేశారు. పేరు తర్వాత బయటపడింది, 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది.

ఆ సర్వే మొదటి కొలగీత 1802లో లాంబ్టన్ వేసింది మద్రాసు పక్కన పరంగిమల దగ్గర అన్నది చెన్నై విద్యార్థులకు ఆసక్తి కలిగించవచ్చు. కాని మేం నైన్ సింగును ఇక్కడికి తెచ్చింది అందుకు కాదు. ప్రవరుడి పాదానికి ఇతని పాదం సరిగ్గా ఎదురు. ఒకరి కాలికి దారి అంటలేదు. రెండోవాడి కాలే కొలబద్ద, అతని శరీరంలోంచి తప్ప పటం మీదికి దారి రాలేదు. సాహిత్యానికి ఈ రెండో కాలు కావాలి. వేషం కోసం పట్టుకున్న జపమాల పూసపూసకూ దారిని మోయడం కంటే మంచి ఉపమానం ఏ ప్రబంధంలో దొరుకుతుంది?

శిఖరాల విషయంలో మన పత్రికలు వేరొక అలవాటు చేశాయి. మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో, ఎవరెస్టు ఎక్కింది. ఇద్దరూ తెలుగువారు గర్వించదగినవారే. కాని తెలుగు పాఠకుడికి వీరి గురించి గుర్తున్నది ఏమిటి? ఒక అంకె, ఒక శిఖరం పేరు. పూర్ణ ఏ వైపు నుంచి ఎక్కిందని అడిగితే చెప్పగలిగేవారు అరుదు. ఉత్తరాన టిబెట్ వైపు నుంచి. మస్తాన్‌బాబు 2015లో ఆండీస్ పర్వతాల్లో, చిలీ, అర్జెంటీనా సరిహద్దున, ఒంటరిగా వెళ్ళి చనిపోయారు. అప్పుడు మాత్రం మన పత్రికల్లో దారి కనిపించింది: ఎక్కడ గుడారం వేశారు, ఎటు నుంచి ఎక్కారు, ఎక్కడ ఆగిపోయారు. మనిషి తిరిగి రానప్పుడే మనకు దారి గుర్తొస్తుందా?

ఇక భాష. తెలుగులో ఇటువంటి దారులు రాయడానికి మాటలు లేవని, అందుకే ఇంగ్లీషు మాటలు పెట్టామని విద్యార్థులు అంటుంటారు. కొన్నింటికి నిజంగానే లేవు. గ్లేసియరుకు పాఠ్యపుస్తకాలవారు హిమానీనదం అన్నారు. పరీక్షలో రాయడానికి బాగుంటుంది, గుడారంలో ఎవరూ అనరు. గఢ్వాలీలు బామక్ అంటారు. ఈ వ్యాసంలో మేం మంచునది అన్నాం, ఇంతకంటే మంచి మాట దొరికితే మార్చుకుంటాం. కాని లేని మాటల కంటే ఉండి వాడని మాటలే హెచ్చు. చిత్తూరు నుంచి వచ్చినవారి ఇళ్ళలో కోన అనే మాట ఉంది, తలకోనలోని కోన. లోయ అన్న మాట చెప్పలేని నీటి తడి అందులో ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి ఒడిశాలో స్థిరపడ్డవారు కొండవాగును గెడ్డ అంటారు. మధ్యాహ్నం తర్వాత ఎగువ మంచు కరిగి, పొద్దున దాటిన నీరు సాయంత్రానికి దాటలేనంత అవుతుందే, అర్వా వైపు దిగేవారిని భయపెట్టేది అదే, దానికి నది అన్న మాట పెద్దది, సెలయేరు అన్నది మరీ ముద్దుది. గెడ్డ సరిపోతుంది. చరియ, దరి, మేట, దొన, బండ, మొన, ఊట, చెలమ. కొండకింద బతికిన మన పెద్దలు ఇవన్నీ వాడుకున్నవే. ఆంధ్రలో, తెలంగాణలో చదువుకున్నవారి నోట ఇవి పత్రికల భాషకింద సగం కప్పడిపోయాయి. బయట ఉన్న మన ఇళ్ళలో, మనం బడి తెలుగు తక్కువ చదివిన పుణ్యాన, కొన్ని ఇంకా మిగిలాయి.

మొరెయిన్ అన్నదానికి మాత్రం ఏ మాట వాడాలో తేల్చుకోలేకపోతున్నాం. మంచునది వేల ఏళ్ళు మోసుకొచ్చి రెండు పక్కలా పడేసిన రాళ్ళ కట్ట అది. చతురంగి వెంబడి రెండు రోజుల నడక అంతా దాని మీదే. పైన రాయి, కింద మంచు, కాలు వేస్తే కదులుతుంది, ఒక్కోసారి ఎగువనుంచి రాయి దొర్లుకుంటూ వస్తుంది. రాళ్ళకట్ట అంటే ఎవరో కట్టినట్టుంది. దిబ్బ అంటే కదలనిది. మా దగ్గర చదివే కోలారు విద్యార్థులు కొందరు గరుసుమేట అన్నారు. గరుసు సన్నరాయి, ఇక్కడివి ఇంటంత బండలు కూడా ఉంటాయి. కోరాపుట్, రాయగడ వైపు కొండల్లో వానకు జారిపడిన రాళ్ళ వాలును మీ ఇళ్ళలో ఏమంటారో, హోసూరు, కృష్ణగిరి గుట్టలవారు ఏమంటారో రాసి పంపండి.